గృహ వీడియో టేపుల డీవీడీ రూపాంతరం: మాతృక, ప్రతి, పాఠభేదం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1980ల నుంచి ఇళ్లలో పోగైన వీడియో టేపులు 1999 తరువాతి దశాబ్దంలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల సాయంతో డీవీడీలుగా మారాయి. ఈ పనిని వాడుకలో ‘కాపీ’ అంటారు. అయితే టేపులోని దృశ్యాన్ని ఎంచి, కోసి, కుదించి, పలుమార్లు కొత్త ధ్వనిని చేర్చి తయారుచేసిన డీవీడీని ఒక కొత్త పాఠంగా గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ మార్పు జరిగిన సాంకేతిక క్రమాన్ని వివరించి, తెలుగు ఇళ్ల పెళ్లి వీడియోలను ఉదాహరణగా తీసుకొని, ఇటువంటి ఆధారాలను వాడే పరిశోధకులు పాటించదగిన పద్ధతిని సూచిస్తుంది.

ముఖ్యపదాలు: వీడియో టేపు, డీవీడీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, పాఠపరిష్కరణ, పెళ్లి పాటలు, దృశ్య ఆధారాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య పరిశోధనలో ‘ప్రతి’ అనే మాటకు నిశ్చితమైన అర్థం ఉంది. ఒక తాళపత్ర గ్రంథాన్ని చూసి లేఖకుడు మరొకటి రాసినప్పుడు ప్రతి ఏర్పడుతుంది. రాసేటప్పుడు అక్షరం జారవచ్చు, పద్యం తప్పిపోవచ్చు, లేఖకునికి కంఠస్థమైన మరో పద్యం వచ్చి చేరవచ్చు. అందువల్లనే సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్పించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఏ ప్రతి దేనినుంచి పుట్టింది, ఏది లుప్తమైంది, ఏది ప్రక్షిప్తం అన్న ప్రశ్నలు అడగకుండా నేడు ఏ పరిశోధకుడూ ప్రాచీన కావ్యపాఠాన్ని ప్రమాణంగా తీసుకోడు.

ఇదే పరిశోధకుడు 1980, 1990ల నాటి సామాజిక జీవితాన్ని తెలుసుకోవడానికి ఒక ఇంటి వీడియోను చూసినప్పుడు మాత్రం ఆ ప్రశ్నలు సాధారణంగా తలెత్తవు. తెరమీద కనిపించేది కళ్లకు కట్టినట్లు ఉండటం వల్ల అది మూలమే అన్న భావన కలుగుతుంది. నిజానికి అతని చేతికి అందేది చాలా సందర్భాలలో టేపు కాదు. ఆ టేపునుంచి ఎవరో, ఎప్పుడో, ఏదో ఒక సాఫ్ట్‌వేరుతో చేసిన డీవీడీ, లేదా ఆ డీవీడీనుంచి తీసిన మరో ఫైలు. ఆ మధ్యలో ఏం జరిగిందన్నదే ఈ వ్యాస విషయం.

ఇంటి దృశ్యాలకు చారిత్రక విలువ ఉందా అన్న సందేహానికి సమాధానం ఎప్పుడో లభించింది. అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో కెనెడీ హత్యను చిత్రించిన జప్రూడర్ ఫిల్మును 1994లో చేర్చారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో జపాను సంతతి అమెరికన్లను నిర్బంధించిన యూటా రాష్ట్రపు టోపజ్ శిబిరంలో డేవ్ టాట్సునో అనే నిర్బంధితుడు రహస్యంగా తీసిన 8 మి.మీ. దృశ్యాలను 1996లో చేర్చారు. రెండూ వృత్తి కళాకారులు తీసినవి కావు. ఇవి ఫిల్ము మీద ఉన్నవి కాబట్టి కంటికి కనిపించే బొమ్మగా నిలిచాయి. ఆ తరువాతి తరం దృశ్యాలు నిలిచిన మాధ్యమం అయస్కాంత టేపు. దాని స్వభావం వేరు.

2. టేపు ఇంట్లోకి వచ్చిన క్రమం

వ్యాపారపరంగా విజయం సాధించిన తొలి వీడియో రికార్డరును ఆంపెక్స్ సంస్థ 1956లో ప్రదర్శించింది. అది రెండంగుళాల వెడల్పు టేపును వాడే, టెలివిజన్ కేంద్రాలు మాత్రమే కొనగలిగిన యంత్రం. ఇంటికి సరిపడే పరికరాలు 1975లో సోనీ బీటామాక్స్‌తో, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌తో వచ్చాయి. రెండూ అరంగుళం టేపును వాడాయి. ఎక్కువసేపు రికార్డు చేయగలగడం, పలు తయారీదారులకు అనుమతి ఇవ్వడం వంటి కారణాలతో వీహెచ్ఎస్ నిలదొక్కుకుంది. కెమెరా, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడిన గృహ పరికరాలు 1983 నుంచి మార్కెట్లోకి వచ్చాయి. 1985 నాటికి 8 మి.మీ. వీడియో, 1989లో హై-8, 1995లో డిజిటల్ డీవీ టేపు వరుసగా వచ్చాయి.

భారతదేశంలో రంగుల ప్రసారాలు 1982 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఆ ఏడాది నవంబరులో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల సందర్భంగా రంగుల టీవీల దిగుమతికి ప్రభుత్వం సడలింపులు ఇచ్చింది. గల్ఫ్ దేశాల నుంచి తిరిగివచ్చినవారి సామానులో వీసీఆర్ గౌరవ చిహ్నమైంది. పట్టణాలలో వీడియో లైబ్రరీలు వెలిశాయి. ఫొటో స్టూడియోలు వీడియో కవరేజిని కూడా చేపట్టాయి. ఈ మార్పుతోనే తెలుగు ఇళ్లలో ‘పెళ్లి కేసెట్టు’ ప్రవేశించింది.

ఇక్కడ పాఠపరిష్కర్తకు అవసరమైన ఒక విషయం ఉంది. కుటుంబం బీరువాలో దాచుకున్న పెళ్లి కేసెట్టు సాధారణంగా కెమెరాలో తిరిగిన కేసెట్టు కాదు. కెమెరా కేసెట్లను ఒక డెక్కులో పెట్టి, మరో డెక్కులోని కేసెట్టుకు ఎక్కిస్తూ, మధ్యలో మిక్సరుతో పేర్లు, పువ్వులు, హృదయాకారాలు చేర్చి స్టూడియోవారు దానిని తయారుచేసేవారు. దీనినే ‘మిక్సింగ్’ అన్నారు. అనలాగ్ టేపు ఒకసారి నకలైతే రంగు, అంచుల స్పష్టత తగ్గుతాయి. కాబట్టి ఇంటి కేసెట్టే రెండో తరం ప్రతి. కెమెరా కేసెట్టును స్టూడియో మరో శుభకార్యానికి తిరిగి వాడుకొని ఉంటే, ఈ రెండో తరం ప్రతియే అందుబాటులో ఉన్న మాతృక అవుతుంది.

3. టేపు స్వభావం

వీహెచ్ఎస్ టేపు పాలియెస్టర్ పట్టీ మీద ఇనుప ఆక్సైడ్ కణాలను ఒక బంధకంతో అతికించి చేసినది. తిరిగే డ్రమ్ము మీది తలలు దానిపై ఏటవాలు గీతలుగా సంకేతాన్ని రాస్తాయి. భారతదేశంలో వాడిన పాల్ విధానంలో డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. టేపు మాత్రం సెకనుకు 23.39 మి.మీ. మాత్రమే కదులుతుంది. మూడు గంటల కేసెట్టులో సుమారు 250 మీటర్ల పట్టీ ఉంటుంది. గాలిలోని తేమతో బంధకం క్షీణిస్తుంది; ఇనుప కణాలు రాలి తలలకు అంటుకుంటాయి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో తెల్లని బూజు కూడా పడుతుంది.

టేపు బాగున్నా దానిని చదివే యంత్రం ఉండాలి. వీహెచ్ఎస్ రికార్డర్లను చివరివరకు తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ పనిని ఆపివేసింది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే 2025ను గడువుగా ప్రకటించి, అప్పటికి డిజిటల్ రూపం పొందని అయస్కాంత టేపుల్లో అధికభాగం దక్కకపోవచ్చునని హెచ్చరించింది. తాళపత్రం శిథిలమైనా అక్షరం కంటికి కనిపిస్తుంది. టేపు చెక్కుచెదరకుండా ఉన్నా యంత్రం లేకపోతే మూగది. ఈ భయమే కుటుంబాలను డీవీడీ వైపు నడిపించింది.

4. కంప్యూటరు, ఫైర్‌వైర్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్

డీవీడీ 1996 నవంబరులో జపానులో, 1997లో అమెరికాలో విడుదలైంది. ఒక పొర డిస్కు సామర్థ్యం 4.7 గిగాబైట్లు. 1993 నాటి వీడియో సీడీ ప్రమాణం కూడా భారతదేశంలో విస్తరించింది. కాని పాల్ విధానంలో దాని బొమ్మ 352×288 బిందువులే. డీవీడీ బొమ్మ 720×576 బిందువులు. అందువల్ల ఇంటి టేపులకు అదే శాశ్వత నివాసమన్న నమ్మకం ఏర్పడింది.

టేపును డిస్కుకు చేర్చే పనిలో అయిదు దశలు ఉన్నాయి: సంగ్రహణం, కూర్పు, కుదింపు, మెనూ నిర్మాణం, డిస్కుపై లిఖించడం. ఇవన్నీ ఒకప్పుడు స్టూడియోల పని. 1995లో ఆమోదం పొందిన ఐట్రిపుల్‌ఈ 1394 ప్రమాణం, అంటే ఫైర్‌వైర్, డిజిటల్ కెమెరాను కంప్యూటరుకు ఒక తీగతో కలిపింది. ఆపిల్ 1999 అక్టోబరులో ఐమూవీని, 2001 జనవరిలో డీవీడీ రాసే డ్రైవుతో పాటు ఐడీవీడీని విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ 2000లో విండోస్ మీతో మూవీ మేకర్‌ను అందించింది. పినాకిల్ స్టూడియో, యూలీడ్ వీడియోస్టూడియో వంటివి సాధారణ గృహస్థునికి అందుబాటులోకి వచ్చాయి. వర్చువల్‌డబ్ వంటి ఉచిత సాధనాలు ఆసక్తిగలవారి చేతికి చేరాయి.

ఈ దశల్లో రెండు రకాల బదిలీలను వేరుచేసి చూడాలి. డీవీ టేపులో ఉన్నది అప్పటికే అంకెల రూపంలో ఉన్న సమాచారం. టేపు దెబ్బతినకుండా ఉంటే ఫైర్‌వైర్ ద్వారా ఆ అంకెలు యథాతథంగా కంప్యూటరుకు వస్తాయి. దానిని నిజమైన అర్థంలో నకలు అనవచ్చు. వీహెచ్ఎస్, 8 మి.మీ. టేపుల విషయం అలా కాదు. వాటి అనలాగ్ సంకేతాన్ని క్యాప్చర్ కార్డు లేదా కన్వర్టర్ పెట్టె కొలిచి అంకెలుగా మార్చాలి. ఏ వీసీఆర్ వాడారు, దాని తలలు శుభ్రంగా ఉన్నాయా, టేపు ఊగిసలాటను సరిదిద్దే టైమ్‌బేస్ కరెక్టర్ ఉందా అన్నవాటిని బట్టి ఫలితం మారుతుంది. బొమ్మను కార్డు, ధ్వనిని వేరే సౌండు కార్డు తీసుకున్నప్పుడు రెండింటి గడియారాల తేడావల్ల గంట గడిచేసరికి పెదవులకు, మాటలకు పొంతన తప్పేది. దానిని సరిచేయడానికి కూర్పరి ధ్వనిని సాగదీసేవాడు లేదా కత్తిరించేవాడు. ఒకే టేపునుంచి ఇద్దరు వ్యక్తులు చేసిన సంగ్రహణలు ఒకేలా ఉండకపోవడానికి ఇవే కారణాలు.

5. డిస్కు కొలతకు దృశ్యాన్ని కుదించడం

డీవీ రూపంలో ఒక గంట దృశ్యానికి సుమారు 13 గిగాబైట్లు కావాలి. మూడు గంటల పెళ్లి కేసెట్టు 39 గిగాబైట్లు అవుతుంది. అది 4.7 గిగాబైట్ల డిస్కులో పట్టాలంటే దాదాపు ఎనిమిదో వంతుకు కుదించాలి. ఒక గంట మాత్రమే పెడితే సెకనుకు సుమారు 10 మెగాబిట్లు దక్కుతాయి. రెండు గంటలకు 5, మూడు గంటలకు 3.5 కన్నా తక్కువ. ఈ చిన్న లెక్క ముందు కూర్పరికి మూడు మార్గాలే ఉన్నాయి: డిస్కుల సంఖ్య పెంచడం, బొమ్మ నాణ్యత తగ్గించడం, దృశ్యాన్ని కోయడం. ‘ఒక పెళ్లికి ఒక డిస్కు’ అన్న కోరిక బలంగా ఉన్నచోట మొదటి మార్గం మూసుకుపోతుంది.

వీహెచ్ఎస్ బొమ్మ అడ్డంగా సుమారు 240 గీతల స్పష్టత గలది కాబట్టి డీవీడీ దానికి చాలునన్న వాదం ఉంది. అందులో కొంత నిజం ఉంది. అయితే పాత టేపులో బొమ్మతోపాటు చుక్కలు, వణుకు, రంగుల మరకలు ఉంటాయి. డీవీడీ వాడే ఎంపెగ్-2 పద్ధతి ఒక ఫ్రేముకు, పక్క ఫ్రేముకు మధ్య తేడాను మాత్రమే రాస్తూ స్థలం పొదుపు చేస్తుంది. చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారుతూ ఉంటాయి కాబట్టి పొదుపు చేసిన స్థలం వాటికే ఖర్చవుతుంది. ముఖాలకు, చీర అంచులకు మిగిలేది తగ్గుతుంది. తలంబ్రాలు పోసే వేళ తెరంతా చతురస్రాలుగా విడిపోయి కనిపించడానికి ఇదే కారణం. ఆ చతురస్రాలు టేపులో లేవు.

6. లుప్తమైనవి, ప్రక్షిప్తమైనవి

డీవీడీ ప్రతిలో పోయేవాటిని, చేరేవాటిని ఈ విధంగా వర్గీకరించవచ్చు.

(అ) కాలసూచన: డీవీ టేపు ప్రతి ఫ్రేముకు చిత్రించిన తేదీ, సమయాలను కంటికి కనిపించకుండా భద్రపరుస్తుంది. కెమెరా గడియారం సరిగా ఉంటే ఏ ఘట్టం ఎన్ని గంటలకు జరిగిందో తెలుస్తుంది. డీవీడీగా మార్చినప్పుడు ఈ సమాచారం సాధారణంగా జారిపోతుంది. అనలాగ్ టేపుల్లో బొమ్మమీదనే ముద్రించిన తేదీ ‘అందంగా లేదు’ అని అంచులతో పాటు కత్తిరింపుకు గురవుతుంది.

(ఆ) కదలిక: పాల్ వీడియో సెకనుకు 50 అర్ధచిత్రాలను అల్లుతుంది. కంప్యూటరు తెరమీద కనిపించే దువ్వెన పళ్ల వంటి గీతలను తొలగించడానికి చాలామంది ఆ అల్లికను విప్పి 25 పూర్తి చిత్రాలుగా మార్చారు. దానితో కదలికలో సగం నమూనాలు శాశ్వతంగా పోయాయి.

(ఇ) ‘పనికిరాని’ దృశ్యాలు: కెమెరామన్ కెమెరా ఆపడం మరచిన నిమిషాలు, వంటశాల, వీధి, నిరీక్షిస్తున్న బంధువులు, వాయిద్యకారుల విశ్రాంతి మొదలైనవి కోతకు తొలి బలి. సామాజిక చరిత్రకారునికి వేదిక మీది ఘట్టాలకన్నా ఇవే ఎక్కువ చెబుతాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఏ బంతిలో భోంచేశారు, ఎవరు గుమ్మం బయట నిలబడ్డారు అన్నవి అక్కడే దొరుకుతాయి.

(ఈ) ధ్వని: తెలుగు పరిశోధనకు అన్నింటికన్నా పెద్ద నష్టం ఇక్కడే. పెళ్లి వీడియోల కూర్పులో మూలధ్వనిని తగ్గించి లేదా పూర్తిగా తొలగించి సినిమా పాటను పెట్టడం విస్తృతంగా కనిపించే అలవాటు. మిక్సింగ్ కాలంలో మొదలైన ఈ పద్ధతి సాఫ్ట్‌వేరుతో మరింత సులువైంది. ధ్వని వరుసను మూగచేయడానికి ఒక నొక్కు చాలు. ఆ ధ్వనిలో నలుగు పాటలు, వియ్యాలవారి పాటలు, అప్పగింతల పాటలు ఉన్నాయి. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు సేకరించి అచ్చు వేయించినందువల్ల ఇటువంటి పాటల సాహిత్యం మనకు దక్కింది. అచ్చులో దక్కనిది వాటి వరస, ఎత్తుకున్నవారికి వంతపాడినవారి గొంతు, వియ్యపురాలిని ఎగతాళి చేసినప్పుడు ఎదుటివారి నుంచి వచ్చిన జవాబు, మధ్యలో మరచిపోయిన చరణాన్ని అందించిన ముసలమ్మ మాట. కెమెరా మైకు వీటిని ఉద్దేశపూర్వకంగా పట్టలేదు; గదిలో ఉన్న ధ్వనినంతా పట్టింది కాబట్టి ఇవీ చేరాయి. పాడినవారిలో ఎందరో నేడు లేరు. వారి గొంతుపై ఒక సినిమా పాటను పరచడం పాఠపరిష్కరణ పరిభాషలో ప్రక్షేపమే. తాళపత్రంలో మూలపద్యాన్ని గీకివేసి దానిమీదనే మరొకటి రాసినట్టిది.

కాలక్రమంలో వచ్చిన భౌగోళిక కారణం మరొకటి ఉంది. అమెరికాలోని ఎన్‌టీఎస్‌సీ వీసీఆర్లలో పాల్ టేపు సరిగా ఆడదు. పెళ్లికి రాలేకపోయిన ప్రవాస బంధువులకు పంపే ప్రతి కోసం 25 ఫ్రేముల దృశ్యాన్ని 29.97 ఫ్రేములకు, 625 గీతలను 525 గీతలకు మార్చవలసి వచ్చేది. ఆ మార్చిన టేపునుంచే తరువాత అక్కడ డీవీడీ తయారైతే, అది ఇక్కడి ప్రతికి సోదరశాఖ అవుతుంది. ఒకే పెళ్లికి రెండు శాఖల ప్రతులు ఉండటం, ఒక శాఖలో పోయిన ధ్వని మరో శాఖలో నిలిచి ఉండటం అసంభవం కాదు. పరిశోధకుడు రెండింటినీ వెదకాలి.

7. కోసిన సెకన్లు: ఒక బహిరంగ ఉదాహరణ

ఇంటి టేపులో కొన్ని సెకన్ల కోత ఎంత దూరం వెళ్లగలదో లాస్ ఏంజిలస్ నగరం చూసింది. 1991 మార్చి 3న రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుని పోలీసులు కొడుతుండగా జార్జ్ హాలిడే అనే పౌరుడు తన ఇంటి బాల్కనీ నుంచి హ్యాండీక్యామ్‌తో చిత్రించాడు. టేపును ప్రసారం చేసినప్పుడు తొలి భాగంలో కెమెరా కదిలి మసకబారిన కొన్ని సెకన్లను టీవీలో చూపలేదు. విచారణలో పోలీసుల తరఫు న్యాయవాదులు ఆ సెకన్లనే ఆధారంగా తీసుకొని, ముందుగా కింగే పోలీసుపైకి దూసుకువచ్చాడని వాదించారు. మిగిలిన దృశ్యాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపి వ్యాఖ్యానించారు. 1992 ఏప్రిల్ 29న జ్యూరీ పోలీసులను దాదాపు అన్ని ఆరోపణల నుంచి విడుదల చేయడంతో నగరంలో హింస చెలరేగింది.

ప్రజలు చూసిన పాఠం ఒకటి, న్యాయస్థానం చూసిన పాఠం మరొకటి. తీర్పు న్యాయాన్యాయాలు అలా ఉంచితే, ఈ రెండింటినీ పోల్చి మాట్లాడటం సాధ్యమైంది మూలటేపు నిలిచి ఉన్నందువల్ల మాత్రమే. మసకగా ఉన్నవని కోసిన సెకన్లే వివాదానికి కేంద్రమయ్యాయి. ఏది పనికిరాని దృశ్యమో కూర్చే వేళ ఎవరూ నిర్ణయించలేరన్నది ఇందులోని పాఠం.

8. పరిశోధకులకు కొన్ని పద్ధతులు

డీవీడీ కూడా చివరి మజిలీ కాలేదు. ఇంట్లో రాసే డిస్కులో సమాచారం సేంద్రియ రంజకపు పొరమీద ఉంటుంది. ఎండ, వేడి, గీతలు, అతికించిన కాగితపు చీటీలు దానిని దెబ్బతీస్తాయి. 2012 తరువాతి కంప్యూటర్లలో డిస్కు డ్రైవు క్రమంగా మాయమైంది. నేడు చాలా కుటుంబాలు డీవీడీని మళ్లీ కుదించి ఫోనులోకి ఎక్కిస్తున్నాయి. అది నాలుగో తరం ప్రతి. ఈ స్థితిలో కిందివి పాటించడం అవసరం.

1. డీవీడీ అందినప్పుడు దాని మాతృక ఎక్కడుందో తప్పక అడగాలి. టేపు ఇంకా ఉంటే డీవీడీ ఉందన్న కారణంతో దానిని పారవేయకుండా కుటుంబాన్ని ఒప్పించాలి.

2. ప్రతుల వంశవృక్షాన్ని రాసుకోవాలి: కెమెరా టేపు, మిక్సింగ్ కేసెట్టు, వీడియో సీడీ, డీవీడీ, ఫోను ఫైలు. ఏ దశలో, ఏ సంవత్సరంలో, ఏ యంత్రం, ఏ సాఫ్ట్‌వేరుతో మారిందో తెలిసినంతవరకు నమోదు చేయాలి.

3. కొత్తగా టేపును సంగ్రహించేటప్పుడు మొదటి నుంచి చివరివరకు కోయకుండా తీసుకోవాలి. అల్లిక విప్పకుండా, అంచులు కత్తిరించకుండా, మూలధ్వనితో ఉన్న ఆ ఫైలును భద్రప్రతిగా ఉంచి, చూడటానికి వేరే ప్రతి చేసుకోవాలి. నష్టంలేని కుదింపుకు ఎఫ్ఎఫ్‌వీ1 వంటి బహిరంగ పద్ధతులు నేడు అందుబాటులో ఉన్నాయి.

4. బూజుపట్టిన, అతుక్కుపోయిన టేపును పరీక్షకోసమైనా వీసీఆర్‌లో తిప్పరాదు. శుభ్రపరిచిన తరువాతే ఆడించాలి.

5. సిద్ధాంతవ్యాసంలో ఉదహరించేటప్పుడు ‘పెళ్లి వీడియో’ అని సరిపెట్టకుండా, చూసింది ఏ తరం ప్రతి, ధ్వని మూలమా, చేర్చినదా అన్నది పేర్కొనాలి.

6. వీడియోలో కనిపించేవారు పరిశోధనకోసం కెమెరా ముందుకు రాలేదు. కుటుంబం అనుమతి లేనిదే దృశ్యాన్ని బహిరంగపరచరాదు.

9. ముగింపు

డీవీడీగా మారకపోతే చాలా టేపులలోని దృశ్యాలు అసలే దక్కేవి కావు. తమ ఇంటి జ్ఞాపకాన్ని కాపాడుకోవడానికి రాత్రులు కూర్చొని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న గృహస్థులు, చిన్న పట్టణాల స్టూడియోవారు ఈ తరం లేఖకులు. వారి శ్రమకు చరిత్ర రుణపడి ఉంటుంది. అయితే తాళపత్ర లేఖకుని పట్ల కృతజ్ఞత మనల్ని అతని ప్రతిని పరిశీలించకుండా ఆపలేదు. ఆ పరిశీలనే ఇక్కడా కావాలి.

తాళపత్రాలకు, టేపులకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. బ్రౌన్ వెదికిన నాటికి శతాబ్దాల మూలప్రతులు అప్పటికే నశించాయి. అతనికి ప్రతులే దిక్కయ్యాయి. మన తరానికి మాతృకలు ఇంకా అటకలమీద, బీరువాల అడుగున ఉన్నాయి. వాటిని చదివే యంత్రాలు కొన్నైనా పనిచేస్తున్నాయి. విశ్వవిద్యాలయాల తెలుగు, జానపద, చరిత్ర శాఖలు తమ పరిసర గ్రామాలలోని పెళ్లి కేసెట్లను జాబితా చేసి, మూలధ్వనితో సంగ్రహించడం ఒక పరిశోధన ప్రాజెక్టుగా చేపట్టవచ్చు. దానికి కావలసినవి పనిచేసే ఒక వీసీఆర్, ఒక కన్వర్టర్, ఒక హార్డ్ డిస్కు, ఓపిక. కొన్నేళ్ల తరువాత ఇదే పనికి యంత్రం దొరకకపోవచ్చు. అప్పుడు అప్పగింతల పాట ఉండవలసిన చోట సినిమా పాట మాత్రమే వినిపిస్తుంది.